పగిలితే ఎంతయితది?

2025 దసరాకు పది రోజుల ముందు మా అక్క కొడుకు షాపుకొచ్చి ఆధార్ కార్డు, పాన్ కార్డు కౌంటర్ మీద పడేసి "మామా, రెండు రెండు కాపీలు తియ్యి" అన్నడు. నాది నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీద చిన్న జిరాక్స్ షాపు, ఆన్‌లైన్ అప్లికేషన్లు గూడ పెడుత. ఎందుకురా అంటే ఫోన్ కిస్తీలకన్నడు, ఇప్పుడు అన్నీ ఫోన్లోనే అయితయి గాని ఆ ఫోన్ల షాపోడు కాగితాలు గూడ అడిగిండట. ఏం ఫోన్ అంటే ఐఫోన్ 17. 82,900. వాని జీతం 22,000. నేను కాపీలు తీసిన గాని చేతికియ్యలేదు, అట్లనే పట్టుకొని అరగంట క్లాస్ పీకిన. వాడు విన్నడు, నవ్విండు, కాగితాలు గుంజుకొని పోయిండు. జిరాక్స్ పైసలు గూడ ఇయ్యలేదు.

వాడు పోయినంక ఆలోచిస్తే నేను చెప్పిన దాంట్లో సగం "మా కాలంలో" ముచ్చట్లే, ఇంకో సగం కోపం. కోపం తగ్గినంక మిగిలింది ఒక్కటే మాట, ఫోన్ పగిలితే ఎంతయితది అని, అదేమో ఆ అరగంటలో చెప్పనే లేదు. అందుకే ఇక్కడ రాస్తున్న, వాడు చదువుతడన్న ఆశ లేదు.

"నెలకు 3,500 గూడ పడదు మామా" అన్నది వాని మొదటి పాయింటు. నిజమే, 82,900ని 24 నెలలకు పంచితే 3,454. జీతంలో దగ్గర దగ్గర ఆరో వంతు. వడ్డీ లేదు నో కాస్ట్ అంటడు. క్రెడిట్ కార్డు మీద నో కాస్ట్ అంటే వడ్డీ లేకపోవుడు కాదు, బ్యాంకు వడ్డీ వేస్తనే ఉంటది, ఆ వడ్డీ మందం ముందుగాలనే డిస్కౌంట్ కింద తీసేస్తరు, కాని ఆ వడ్డీ మీద పడే 18 శాతం జీఎస్టీ మనమే కట్టాలె, పైన ప్రాసెసింగ్ ఫీజు. పెద్ద పైసలేం కాదు, మాటొచ్చింది కాబట్టి చెప్తున్న. అసలు ఆ 82,900లోనే 12,600 దాకా జీఎస్టీ ఉంటది, ఫోన్ల మీద 12 శాతమున్నది 2020 ఏప్రిల్ నుంచి 18 అయింది. అంటే వాని మూడున్నర నెలల కిస్తీలు పన్నుకే పోతయి.

ఇగ నా ఫోన్. 2021 దసరాకు 17,000 పెట్టి కొన్న. మూడేండ్లకు బ్యాటరీ మార్పిచ్చిన, 1,300. చార్జింగ్ పిన్ లూజయితే 450. మొత్తం 18,750, నాలుగేండ్లు అంటే 48 నెలలు, నెలకు 390 రూపాయలు. వీన్ని ఇంకో ఏడాది వాడుత, వాడితే ఇంకా తగ్గుతది.

ఈ లెక్క చెప్తే మావోడు వెంటనే అన్నడు, "నీ ఫోన్ అమ్మితే ఎవడు కొంటడు? నాది నాలుగేండ్ల తర్వాత గూడ 30,000 వస్తది." ఇది తీసిపారేసే మాట కాదు. ఐఫోన్లకు పాత మార్కెట్ల గిరాకీ ఉంటది, ఒప్పుకోవాల్సిందే. సరే 30,000 వచ్చిందే అనుకుందాం, 52,900 ఖర్చు, 48 నెలలకు నెలకు 1,100. నాదానికి మూడింతలు మాత్రమే, నేను అనుకున్నంత ఘోరమేం కాదు. రాత్రి పండుకొని ఈ లెక్క రెండు సార్లు వేసిన, నిజం చెప్పాలంటే కొంచెం నారాజ్ అయిన గూడ. నెలకు 700 ఎక్కువ పెట్టి ఒక పోరడు సంతోషంగ ఉంటే మామకేం నొప్పి?

కాని ఆ 30,000 ఎప్పుడొస్తది? నాలుగేండ్లు ఆ ఫోన్ కింద పడకుంటే వస్తది. అద్దం మీద గీత లేకుంటే, నీళ్లల్ల పడకుంటే, డబ్బా బిల్లు భద్రంగ ఉంటే వస్తది. లెక్క మొత్తం ఆ "పడకుంటే" మీద నిలబడి ఉన్నది.

చచ్చిన ఫోన్‌కు కిస్తీలు

ఇది నాకెట్ల తెలుసంటే, నేను గూడ చేసిన.

2018లో షాపు కొంచెం నడిచిన టైంల 35,000 పెట్టి ఒక పెద్ద ఫోన్ కొన్న, 12 కిస్తీలు, నెలకు 2,900 పైచిలుకు. అవసరమా అంటే ఏం లేదు. డిగ్రీ దోస్తులందరం కలుస్తున్నమని తెలిసి కొన్న, ఇది మా ఇంట్ల గూడ ఎవ్వరికి చెప్పలే. ఆ రోజు నార్కట్‌పల్లి దగ్గర హోటల్ల కూసున్నం, నేను ఫోన్‌ను బోర్ల పెట్టిన, కంపెనీ పేరు కనపడేటట్లు. ఒక్కడంటే ఒక్కడు అడగలె. ఒకడు మాత్రం "జర జరుపు, బిర్యానీ పెట్టాలె" అని పక్కకు జరిపిండు.

నాలుగు నెలలకు మా ఊర్ల ఇంటి మీద ట్యాంకు నిండిందా లేదా అని వంగి చూస్తుంటే అంగి జేబులకెల్లి జారి సీదా నీళ్లల్ల పడింది. చప్పుడు గూడ సరిగ్గ రాలె, బుడుంగుమన్నది అంతే. తీసి బియ్యం డబ్బాల పెట్టినం, రెండు రోజులు పెట్టినం, ఏం కాలె. సర్వీస్ సెంటరోళ్లు బోర్డు మార్చాలన్నరు, చెప్పిన రేటుకు ఇంకో కొత్త ఫోన్ వస్తది. వదిలేసిన. ఇంకా ఎనిమిది కిస్తీలు మిగిలినయి. ఎనిమిది నెలలు, ప్రతి నెల అయిదో తారీఖు, డ్రాయర్ల చచ్చి పడున్న ఫోన్‌కు 2,900 కట్టిన. చేతిల ఉన్నదేమో మా తమ్ముడు వాడి పక్కన పడేసిన పాత ఫోన్.

అప్పటి సంది నా పద్ధతి మారింది. ఫోన్ కొనేటప్పుడు అందరు కొనే రేటు చూస్తరు, నేను పగిలితే ఎంతయితది అని చూస్త. ఎందుకంటే ఫోన్లు చచ్చే తీరు మాత్రం పిరమైన ఫోన్‌కు, మామూలు ఫోన్‌కు ఒక్కటే. బండి మీదకెల్లి పడ్తది, పిల్లగాడు విసిరేస్తడు, బాత్రూంల జారుతది. 80,000 పెట్టినమని సిమెంటు గచ్చు ఏం మెత్తగ అయితలేదు. పిరం ఫోన్ల అద్దం గట్టిది, నీళ్లను గూడ తట్టుకుంటది అంటరు, అది నిజమే, నీళ్లు, దుమ్ము తట్టుకునే రేటింగ్ ఐపీ68 అని రాసి ఉన్న ఫోన్లు జేబులకెల్లి ఒకసారి నీళ్లల్ల పడితే బతికే ఛాన్సే ఎక్కువ. నా 2018 ఫోన్‌కు అది లేకుండె. కాని నీళ్ల వల్ల అయిన డ్యామేజ్ వారంటీల రాదని అదే కంపెనీలు కింద చిన్నక్షరాలల్ల రాస్తయి గదా, అంత నమ్మకముంటే ఎందుకు రాసుకున్నట్టు?

ప్రకాశం బజార్ దిక్కు రిపేర్ షాపు నడిపే దోస్తు ఒకాయన ఉన్నడు. ఆయన దగ్గర కూసుంటే అసలు ముచ్చట తెలుస్తది. మామూలు ఎల్‌సీడీ స్క్రీన్ ఫోన్ అయితే కాంబో, అంటే డిస్‌ప్లే, టచ్ కలిపి, రెండు వేల లోపల అయిపోతది, గంటల చేతికిస్తడు. అమోలెడ్ అని రంగులు బాగ కొట్టే పిరం స్క్రీన్ అయితే దానికి మూడు నాలుగింతలు. పెద్ద ఫోన్లయితే ఒరిజినల్ కాంబో రేటు చెప్పంగనే మనిషి మొఖం మారుతది, ఆ పైసలకు ఒక మంచి కొత్త ఫోనే వస్తది మరి. అప్పుడు వాళ్లు అడిగే మాట ఒక్కటే, "కాపీ లేదా అన్నా?" ఉంటది. కాపీ వేస్తే రంగులు వేరే కొడ్తయి, ఎండల కనపడదు, టచ్ ఒక్కోసారి తనంత తానే నడుస్తది. లక్ష దగ్గర పెట్టి కొన్న ఫోన్‌ను ఆఖరికి మూడు వేల కాపీ డిస్‌ప్లే మీద చూసుకుంట తిరుగుడు. అసొంటోళ్లను నేను రోజు మా కౌంటర్ కాడ చూస్త, ఓటీపీ చెప్పమంటే స్క్రీన్‌ను అటు వంచి ఇటు వంచి, పగుళ్ల సందుల్ల నుంచి నంబర్ చదువుతరు.

ఎండ గూడ లెక్కల పెట్టాలె

పడుడు ఒకటే కాదు. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్యనే వాడమని ఆపిల్ సొంతంగ రాసిపెట్టింది. 35 డిగ్రీలంట. నల్లగొండల మార్చిలనే ఆ ముచ్చట దాటిపోతది, మే నెల వస్తే 45. బండి హ్యాండిల్‌కు స్టాండ్ పెట్టి ఎండల మ్యాప్ చూసుకుంట మిర్యాలగూడ దాక పోయే పోరగాండ్లను చూస్తే నాకు ఫోన్ మీద జాలయితది. లిథియం బ్యాటరీకి వేడి పగ, ఏ కంపెనీదైనా రెండు మూడు ఎండకాలాలకు దాని పని అయిపోతది.

బ్యాటరీ పోయినంక ఫోన్ స్లో అయింది, పాతదైంది అనుకొని మార్చేసేటోళ్లే మస్తు. 2017 డిసెంబర్ల ఆపిల్ ఒప్పుకున్నది గుర్తుందా, బ్యాటరీ ముసలిదైన ఫోన్లను సాఫ్ట్‌వేర్‌తోని నెమ్మది చేస్తున్నమని. లొల్లి అయినంక మన దేశంల బ్యాటరీ మార్చే రేటు 6,500 నుంచి 2,000కు దించిండ్రు, మార్పిచ్చుకున్నోళ్ల ఫోన్లు మళ్ల ఉరికినయి. నా ఫోన్ గూడ అంతే, 1,300కు బ్యాటరీ పడ్డంక ఇదే ఫోనా అనిపిచ్చింది. మధ్యల నేను గూడ కొత్తది చూసుడు మొదలుపెట్టిన లెండి.

అగ్గువ గూడ పిరమే

ఇదంత చదివి అయితే ఆరేడు వేల ఫోన్ కొనుక్కుందామని ఎవరన్న అనుకుంటే ఆగుండ్రి. నేనంటున్నది అది కాదు.

2025 సీజన్ నుంచి ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌ల స్లాట్ బుక్ చేసుకోవాలె గదా. కనగల్ దిక్కుకెల్లి ఒక పెద్దాయన వచ్చిండు, సీసీఐకి అమ్ముకుంటనని. ఆరు వేల ఫోన్ అది, 32 జీబీ. ఓటీపీ కొట్టిన, రాలె. మళ్ల కొట్టిన, రాలె. ఫోన్ తీసుకొని చూస్తే పైన "స్టోరేజ్ ఫుల్" అని ఉంది, మెమరీ నిండితే మెసేజ్ గూడ లోపలికి రాదు. వాట్సాప్‌ల గుడ్ మార్నింగ్ ఫొటోలు, గులాబీ పువ్వులు, దేవుండ్లు, ఎవరియో బర్త్‌డే వీడియోలు. ఒక్కోటి తీసేద్దామంటే వేలు పెట్టినంక మూడు సెకన్లకు గాని కదలదు. ఆయన నా పక్కకొచ్చి నిలబడి చూస్తున్నడు. "బిడ్డా, ఆ శివుని ఫొటో తియ్యకు, మా మనుమరాలు పంపింది" అన్నడు. సరే అని అదొక్కటి ఉంచిన. ముప్పావు గంట పట్టింది, వెనక లైన్ల నలుగురు నన్ను తిట్టుకుంట నిలబడ్డరు. ఆయన మాత్రం పొద్దున తొమ్మిదింటి బస్సుకు వచ్చినోడు, ఒక పూట కూలి పోయినట్టే.

ఆ ఫోన్ కొన్నప్పుడు ఆయనకు నాలుగైదు వేలు మిగిలి ఉంటయి. అట్ల పోయిన పూటలు లెక్కేస్తే ఏం మిగిలినట్టు? ర్యామ్ ఎంత అని అందరు అడుగుతరు గాని స్టోరేజీ ఏ రకం అని అడిగేటోడు ఒక్కడు లేడు. అగ్గువ ఫోన్లల్ల ఈఎంఎంసీ అని పాత రకం వేస్తరు, యూఎఫ్ఎస్ రకం దానికంటే చానా ఫాస్ట్, ఫోన్ ఏడాదిన్నరకే నత్త లెక్క నడుచుడు షురూ చేసిందంటే చానా సార్లు కారణం అదే. ఇంకోటి అప్‌డేట్లు. బ్యాంకు, ఫోన్‌పే అన్ని దాంట్లనే పెట్టుకున్నప్పుడు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్ వాడుడు అంటే తాళం చెవి గడప మీద పెట్టి పోయినట్టే.

ఒకప్పుడు ఈ అప్‌డేట్ల ముచ్చట పిరం ఫోన్ల దిక్కే మాట్లాడేది. ఇప్పుడట్ల లేదు. గూగుల్ 2023ల పిక్సెల్ 8కు, సామ్‌సంగ్ 2024 జనవరిల ఎస్24కు ఏడేండ్లు ఇస్తమన్నయి సరే, కాని అదే సామ్‌సంగ్ 2024 ఆఖర్ల 18,999కి తెచ్చిన ఏ16 5జీకి గూడ ఆరేండ్లు అన్నది. అన్ని కంపెనీలు అట్ల లేవు, డబ్బా మీద రాయరు, అడిగి తెలుసుకోవాలె.

నేను 2014ల మోటో జి కొన్న, 16 జీబీది 13,999. అదే టైంల ఐఫోన్ 5ఎస్ 53,500. ఆ రెండిట్ల తేడా నిజంగనే కండ్లకు కనపడేది, కెమెరా తీస్తే చాలు ఎవరిది ఏ ఫోనో చెప్పొచ్చు. అప్పుడు మా వయసోళ్లు "పెడితే పెద్ద ఫోనే పెట్టాలె" అన్నరంటే తప్పేం లేదు. ఇప్పుడు 20,000 ఫోన్ల వాట్సాప్, యూట్యూబ్, యూపీఐ, వీడియో కాల్ ఏదన్న ఆగుతదా? నా కౌంటర్ మీదికి వచ్చే ఫోన్లల్ల జనం చేసే పనులు అవే, వేరే పనేం నేను చూడలె.

అయినా పెద్ద ఫోనే కావాలె అనేటోళ్లకు పోయినేడు మోడల్ ఉంది. ఐఫోన్ 17 వచ్చిన రోజే 79,900 ఉన్న 16ను 69,900 చేసిండ్రు. నిన్నటిదాక గొప్పగున్న ఫోన్ పొద్దుగూకేసరికి ఏం ఖరాబ్ అయింది? పాత ఫోన్ కొనేటోళ్లు మాత్రం స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొడితే వచ్చే ఐఎంఈఐ నంబర్ పట్టుకొని, కేవైఎం అని కొట్టి స్పేస్ ఇచ్చి ఆ నంబర్ వేసి 14422కు మెసేజ్ పెట్టి చూడుండ్రి. ప్రభుత్వ వెబ్‌సైట్ సంచార్ సాథీల బ్లాక్ చేసిన దొంగ ఫోన్ అయితే అండ్లనే తెలిసిపోతది. బిల్లు లేకుంటే ఎంత అగ్గువకిచ్చినా వద్దు.

బతుకమ్మ వీడియో

ఇంత చెప్పినంక నాకు మింగుడుపడని ముచ్చట గూడ చెప్పాలె గదా. సద్దుల బతుకమ్మ నాడు రామగిరిల మా బిడ్డ ఆడింది. డిగ్రీ మొదటి సంవత్సరం హైదరాబాద్‌ల చదువుతది, పండగకు వచ్చింది, వచ్చేయేటికి పండగకు వస్తదో రాదో తెల్వదు. నేను వీడియో తీసిన. మావోడు గూడ తీసిండు, కొత్త ఫోన్‌తోని. రాత్రి, లైట్లు ఒక దిక్కే ఉన్నయి, అందరు గుండ్రంగ తిరుగుతున్నరు. వాడు వాట్సాప్‌ల పంపితే ఏం పెద్ద తేడా అనిపియ్యలె, నాదే నయం అనుకున్న. తెల్లారి వాని ఫోన్ల అసలుది చూసిన. నా దాంట్ల బిడ్డ మొఖం అలికినట్టుంది, తంగేడు పూలన్నీ ఒక పసుపు ముద్ద. వాని దాంట్ల ఆమె చెంప మీద చెమట గూడ కనపడ్తుంది.

ఇగ దీనికి నా దగ్గర జవాబు లేదు. రాత్రి పూట, కదిలే మనుషుల వీడియో కాడ మామూలు ఫోన్ ఇంకా వెనకనే ఉంది. నెలకు 700 తేడాల ఆ చెమట గూడ ఉంది. పండగకు ఇంట్ల ఒక్కరి దగ్గర మంచి కెమెరా ఉంటే చాలదా అని నాకు నేను చెప్పుకున్న, కాని ఆ ఒక్కడు మా అక్క కొడుకు, వాడు పోయిన దసరాకు రానేలేదు.

పానగల్ గుడి కాడ, సాగర్ కాడ పెండ్లిళ్లకు రీల్స్ తీసే పిల్లగాడొకడు మా షాపుకు వస్తడు. వానిది పెద్ద ఫోనే, రెండు సీజన్లల్ల దాని పైసలు అదే తెచ్చుకున్నది. వానికి అది ఫోన్ కాదు, ట్రాక్టర్. వానికి నేనేం చెప్పను.

మావోని సంగతి వేరే. "ఆఫీసుల అందరి దగ్గర ఉంది మామా, బయటికి తియ్యబుద్దయితలేదు నాది" అన్నడు ఆ రోజు, పోతూ పోతూ. నేను దానికి "ఇజ్జత్ ఫోన్ల ఉంటదారా" అని ఎక్కిరిచ్చిన. నార్కట్‌పల్లి హోటల్ల ఫోన్ బోర్ల పెట్టిన సంగతి వానికి చెప్పి ఉంటే బాగుండు. పొరపాటు అక్కడ చేసిన.

కాంబో రేట్లు

పండగ అయినంక మా బిడ్డకు ఫోన్ కొనాల్సొచ్చింది, ఉన్నది చార్జింగ్ నిలుస్తలేదు, బ్యాటరీ వేస్తమంటే ఆ మోడల్‌కు దొరుకుతలేదు. 20,000 లోపల మూడు మోడళ్లు రాసుకొని కొనే షాపుకు కాదు, సీదా రిపేర్ దోస్తు కాడికి పోయిన. మూడు పేర్లు చెప్పి కాంబో ఎంత, బ్యాటరీ ఎంత, రేపటికి దొరుకుతదా అని అడిగిన.

ఆయన ఒక ఫోన్ వెనక డోర్‌ను హీట్ గన్‌తోని కాలుస్తున్నడు, ఆపి నా దిక్కు చూసిండు. "కొననే కొనలె, అప్పుడే పగలగొడ్తున్నవా అన్నా?"

అయినా చెప్పిండు. ఒకటి అమోలెడ్, కాంబో 6,500, బొమ్మ మస్తు ఉంటది. ఇంకోటి 2,200 గాని అప్‌డేట్లు రెండేండ్లే. మూడోది కాంబో 3,800, సామాను నల్లగొండలనే దొరుకుతది, అప్‌డేట్లు గూడ చానా రోజులు వస్తయి. మూడోదే తీసుకున్నం. మా బిడ్డకేమో మొదటిది ఇష్టముండె, దాని రంగు బాగుందని. నేను ఈ లెక్కంత చెప్పిన, "మంచిగనే ఉంది నాన్నా, ఇదే తీసుకో" అన్నది, ఆ అన్న తీరు ఎట్లుందో నాకు తెలుసు.

దోస్తు దగ్గరనే టెంపర్డ్ గ్లాస్ వేపిచ్చి, కవర్ తొడిగి, ఆదివారం సాయంత్రం హైదరాబాద్ బస్సు ఎక్కిచ్చిన. రాత్రి హాస్టల్‌కు చేరినంక కొత్త ఫోన్‌తోనే వీడియో కాల్ చేసింది. వెనకకెల్లి రూమ్‌ల ఉండే పిల్లలు "ఏ ఫోనే, చూపియ్యి చూపియ్యి" అంటున్నరు. ఆగుమని ఫోన్ పెట్టేసింది. తెల్లారి మాట్లాడినప్పుడు వాళ్లేమన్నరో నేను అడగలె, ఆమె చెప్పలె.